'అక' ప్రత్యయము – కర్తృత్వ విచారణ

ఏలూరు జిల్లా కామవరపుకోట సమీపమున గల గుంటుపల్లి బౌద్ధక్షేత్రంలో ఒక ప్రాకృత శాసనమున్నది. చులగోముడు అనువాడు అచ్చట ఒక మండపమును దానము చేసినట్లు అది తెలుపుచున్నది. అతడు కళింగ మహిషకాధిపతియు, మహామేఘవాహన వంశీయుడును అగు సిరిసద మహారాజు కొలువులోనివాడు. రాజునకు ఇన్ని విశేషణములుండగా దాతకు ఉన్నది ఒక్కటే: 'లేఖక'. రాజు బిరుదులు ఆధిపత్యమును చెప్పగా, ఈ పదము పనిని చెప్పుచున్నది.

ఆ ప్రాకృతమునకు సన్నిహితమైన పాళీభాషలోను ఈ పదనిర్మాణమే కలదు. కచ్చాయన వ్యాకరణము ధాతువుపై 'ణ్వు' ప్రత్యయమును విధించి, దానికి 'అక' ఆదేశమును చెప్పినది. పాణినీయములో ఇది 'ణ్వుల్'. క్రియను చేయువాడు అని దీని అర్థము. వ్రాయువాడు లేఖకుడు, ఇచ్చువాడు దాయకుడు, వినువాడు పాళీలో సావకుడు, సంస్కృతములో శ్రావకుడు. సమీపమున కూర్చుండువాడు ఉపాసకుడు. స్త్రీ అయినచో ఉపాసిక. అయితే 'క'తో ముగియు ప్రతి పదము ఇట్టిది కాదు. 'పుత్తక' అనునప్పుడు నామముపై చేరిన 'క' అల్పత్వమును, వాత్సల్యమును సూచించును.

ఇచ్చట సాధకులు గమనింపదగిన సూక్ష్మమొకటి గలదు. ధాతువు ముందు, ప్రత్యయము తరువాత. క్రియ లేనిదే కర్తకు పేరే పుట్టదు. కొల్లేటి తీరమున వేట అనగా చేపలవేట. వేటను బట్టియే వేటకాడు. తెలుగు నుడి సైతము ఈ క్రమమునే పాటించినది.

బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గములో క్రియను అంగీకరించి, దానికి వేరుగా 'కారకుడు' లేడన్నాడు. నిషేధింపబడిన ఆ పదము కూడ 'అక' ప్రత్యయాంతమే. భగవద్గీత తృతీయాధ్యాయము ప్రకృతిగుణములచే కర్మలు జరుగుచుండగా, అహంకారవిమూఢుడు తానే కర్తనని తలచునన్నది. అయితే వేదాంతము అచ్చట ఆగదు. కర్తృత్వము తొలగిన పిదప సాక్షియైన ఆత్మ శేషించునని చెప్పును. దర్శనములు వేరైనను, కర్తృత్వాభిమానమును ప్రశ్నించుటలో రెండును ఏకీభవించినవి.

'సాధకుడు' అను పదమునకు కూడ ఈ నియమమే వర్తించును. జపము విడిచి, విచారణ మాని, ఆ పేరును మాత్రము ధరించినవానియందు ప్రత్యయము మిగిలినది, ధాతువు పోయినది. నిత్యము సాధన చేయుచు, తాను సాధకుడనను తలంపును సైతము మరచినవానికి ఆ పేరుతో పనియే లేదు.