గుడియాత్తం దారిలో పాత కారు

రాయవేలూరు నుండి గుడియాత్తం పోయేవారికి రెండు దారులున్నవి. ఒకటి బెంగుళూరు రహదారి మీద పళ్ళికొండ వరకు పోయి, అక్కడ పాలారు దాటి చేరే దారి. రెండవది ఊరు విడువగానే పాలారు వంతెన దాటి, కాట్పాడి, లత్తేరి, కె.వి. కుప్పం మీదుగా పోయే దారి. ఎటు పోయినా ముప్పది, ముప్పదియైదు కిలోమీటర్ల ప్రయాణమే. మాకు రెండవ దారి ఇష్టం. మద్రాసు-బెంగుళూరు రైలు మార్గం చాలదూరం ఆ దారికి తోడుగా వస్తుంది. పిల్లలకు రైళ్ళు లెక్కపెట్టుకోవడంతోనే పొద్దుపోతుంది.

వేలూరును రాయవేలూరని పిలవడం మన పెద్దలలో ఇంకా పోలేదు. ఆరవీటి రాయలు చంద్రగిరి విడిచి ఇక్కడ కొలువుండిన కాలపు గురుతు ఆ పేరు. ఆ కోట, ఆ అగడ్త, లోపలి జలకంఠేశ్వరుని గుడి నేటికీ చూడదగినవి. 1806 జూలై 10వ తేదీన సిపాయిలు తిరుగబడినది ఆ కోటలోనే. కాని నేడు వేలూరుకు వచ్చేవారిలో ఎక్కువమంది కోట కొరకు రారు, వైద్యం కొరకు వస్తారు. 1900లో డాక్టరు ఐడా స్కడ్డరు ఒక్క మంచంతో మొదలుపెట్టిన చికిత్సాలయం పెరిగి పెద్దదై దేశం నలుమూలల వారిని ఇక్కడికి రప్పించుచున్నది.

మేమూ వైద్యం కొరకే ఈ దారిలో తిరుగుతున్నాము. గుడియాత్తంలో ఉన్న మా మేనత్తగారిని నెలకొకమారు వేలూరుకు తీసుకొని వచ్చి, చూపించి, మరల దిగబెట్టవలెను. బస్సు మెట్లు ఎక్కే శక్తి ఆమెకు లేదు. మాకున్నది 2002లో కొన్న పెట్రోలు కారు. పాతదే అయినా ఇంటి మనిషివంటిది.

ఈ మధ్య ఆ కారుకు జబ్బు చేసింది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు వెంటనే కదిలేది. వేలూరులో ఒక గంట ఎండలో నిలిపి మరల తాళం తిప్పితే ఎంతసేపటికీ అంటుకొనేది కాదు. అంటుకొన్న తరువాత వెనుక గొట్టం నుండి నల్లపొగ. లీటరుకు పదునాలుగు కిలోమీటర్లు పోయే బండి తొమ్మిదికి దిగింది. అన్నిటికంటె భయం పుట్టించినది వాసన. కారు లోపల పెట్రోలు వాసనకు అత్తగారికి కడుపులో తిప్పి, లత్తేరి దగ్గర దిగి చెట్టు క్రింద కూర్చోవలసి వచ్చింది.

వేలూరులో ఒక వర్కుషాపులో చూపించాము. మూత ఎత్తి చూచినవారు ఏమీ విప్పకుండానే, "పంపు పోయింది, ఇంజక్టర్లు కూడ మార్చాలి" అని చీటీ వ్రాసి ఇచ్చారు. ఆ మొత్తం మా నెల జీతానికి దగ్గరగా ఉన్నది. ఆలోచించి చెప్తామని బండి తెచ్చుకొన్నాము.

గుడియాత్తం కష్టజీవుల ఊరు. లుంగీల నేతకు, అగ్గిపెట్టెల తయారీకి పేరుపడినది. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయిన పిదప శాసనసభకు పోటీచేసి గెలిచినది ఇక్కడినుండే. వైకాశి నెల మొదటి తేదీన జరిగే గంగమ్మ శిరస్సు ఉత్సవానికి చిత్తూరు వైపునుండి కూడ మనవాళ్ళు తండోపతండాలుగా వస్తారు. ఊరి నడుమ కౌండిన్య నది. ఆ నది ఒడ్డున ఉన్న ఒక పాత మెకానిక్కు దగ్గరికి మా అత్తగారి కుమారుడు మమ్ములను తీసుకొనిపోయాడు. "బావా, ఈయన చూడకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టవద్దు" అన్నాడు.

ఆ పెద్దాయన మా మాట విని, "తెలుగువాళ్ళా సార్! మా అమ్మమ్మది పలమనేరు" అని నవ్వి, ఇంజను నడుస్తుండగానే ఒక సన్నని రబ్బరు గొట్టాన్ని ఊడదీశాడు. దాని కొసనుండి పెట్రోలు చుక్కలు రాలినవి. "చూడండి సార్, గాలి మాత్రమే ఉండాల్సిన గొట్టం ఇది. ఇందులో పెట్రోలు ఎందుకుంటుంది? పంపు బాగానే ఉంది. రెగ్యులేటరు లోపలి పొర చినిగింది" అన్నాడు. వెంటనే ఇంజను ఆపించాడు.

ఈ రెగ్యులేటరు చేసే పని మన చెరువును తలచుకొంటే సులభంగా తెలుస్తుంది. ట్యాంకులోని పంపు ఏరువలె పెట్రోలును తెచ్చిపోస్తుంది. ఇంజనుమీద అడ్డంగా ఉన్న లోహపు గొట్టం చెరువు. ఇంజక్టర్లు తూములు. రెగ్యులేటరు మొరవ, కొందరు కలుజు అంటారు. కావలసినంత ఒత్తిడి నిలిపి, మిగిలిన పెట్రోలును వేరొక గొట్టం ద్వారా ట్యాంకుకు తిప్పి పంపుతుంది. మొరవ సరిగా పోకపోతే ఊరికి ముప్పు, పూర్తిగా తెగితే పైరుకు ముప్పు. 2021 నవంబరులో మోర్ధానా జలాశయం పొంగి కౌండిన్య నది గుడియాత్తం ఇళ్ళలోకి వచ్చినప్పుడు నీటి ఒత్తిడి అంటే ఏమిటో ఈ ఊరివారందరు చూచారు.

అయితే చెరువు మొరవ ఎత్తు మారదు. దీని ఎత్తు మారుతుంది. డబ్బీ లోపల ఒక పలుచని పొర, దానిపై ఒక స్ప్రింగు ఉంటవి. ఆ సన్నని గొట్టం ద్వారా ఇంజను పీల్చే గాలి లాగుడు ఆ పొరను తాకుతుంది. బండి నిదానంగా ఉన్నప్పుడు లాగుడు ఎక్కువ, పెట్రోలు ఒత్తిడి కొంత తగ్గుతుంది. వేగం ఇచ్చినప్పుడు పెరుగుతుంది. చాల కార్లలో ఇది రెండున్నర, మూడు కిలోల ప్రాంతంలో ఉంటుంది. పొర చినిగితే ఆ గొట్టం దారినే పెట్రోలు ఇంజనులోకి పోతుంది. అదే మా నల్లపొగ, అదే ఖర్చు, అదే వాసన.

అన్ని బండ్లలో ఇది ఒకేచోట ఉండదు. కార్బురేటరు ఉన్న పాత కార్లలో ఇటువంటిది వెదకనక్కరలేదు. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కొత్త కార్లకు యూరో నిబంధనలు విధించిన పిదప ఇంజక్షను పద్ధతి వ్యాపించింది. మారుతి 800కు కూడ 2000లో అది వచ్చింది. ఆ తరం కార్లలో అనేకం ఇంజక్టర్ల గొట్టం కొసన, సున్నపు డబ్బీ అంత గుండ్రని భాగంగా దీనిని చూడవచ్చును. దానికి ఒక సన్నని గాలి గొట్టం, ట్యాంకుకు పోయే ఒక గొట్టం ఉండడమే గుర్తు. తరువాతి కార్లలో చాలవాటికి ఇది ట్యాంకులోనే, పంపుతో కలిసి ఉంటుంది.

మార్చే పని ఆ పెద్దాయన చేసిన వరుసలోనే చెప్తాము. మొదట ఇంజను బాగా చల్లారనిచ్చాడు. పంపు ఫ్యూజు తీసి, ఇంజనును నడిపించి దానంతట అదే ఆగేవరకు ఉంచాడు. దీనితో గొట్టాలలోని ఒత్తిడి తగ్గింది. ట్యాంకు మూత వదులు చేసి, బ్యాటరీ నెగటివు తీగ విప్పాడు. దగ్గర బీడీ కాల్చుచున్న కుర్రవాణ్ణి వీధి చివరికి పంపించాడు. "అగ్గిపెట్టెల ఊరు సార్ ఇది, మాకు నిప్పంటే భయం ఎక్కువ" అన్నాడు.

క్రింద గుడ్డ పరచి, రెండు గొట్టాలు, రెండు బోల్టులు తీయగానే డబ్బీ చేతికి వచ్చింది. దానిమీది నంబరు చూపించి అదే ఒత్తిడి గలది తెమ్మన్నాడు. పాతదానిని చేతపట్టుకొని వేలూరు దుకాణాలు తిరిగితే మూడవచోట దొరికింది. పాత ఓ-రింగు రంధ్రంలో ఉండిపోలేదుగదా అని చూచి, కొత్తదానికి చుక్క పెట్రోలు రాసి, రెండు బోల్టులను సమంగా బిగించాడు. పగుళ్ళిచ్చిన గాలి గొట్టాన్ని కూడ మార్చాడు. ఫ్యూజు, బ్యాటరీ తగిలించి, ఇంజను నడపకుండా తాళం మూడుమార్లు తిప్పి ఆపి, ఎక్కడైనా తడి ఉన్నదేమోనని వ్రేలితో తడిమి చూచాడు. ఇంజను నూనెలో పెట్రోలు కలిసియున్నందున నూనె కూడ మార్పించాడు. అంతయు కలిసి వేలూరు చీటీలో నాలుగవ వంతు కూడ కాలేదు.

పదునైదేండ్లు నిండిన సొంత కారుకు అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవలెను గనుక, పాత బండ్లు గల మన కుటుంబాలవారికి నల్లపొగ చిన్న విషయం కాదు. పెట్రోలు వాసన అంతకంటె పెద్ద విషయం. వాసన వచ్చిన బండిని ఆ పూటకు నడపవద్దు. పెద్ద ఖర్చు చెప్పినవారిని, "ఏ పరీక్ష చేసి చెప్తున్నారు?" అని మర్యాదగా అడగండి. ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూపించమనండి. ఇది పెట్రోలుతో పని. చేయి తిరిగినవారి చేతనే చేయించండి.

అత్తగారు ఇప్పుడు లత్తేరిలో దిగడం లేదు. పాలారు వంతెన వచ్చేవరకు కునుకు తీసి, కాట్పాడిలో లేచి కాఫీ అడుగుతున్నారు.