కళ్లకు కనిపిస్తుంది, కానీ చదవలేరు

గోవాదరి గట్టున సాయంకాలపు గాలి హాయిగా ఉంటుంది. ఈ వాక్యంలోని మొదటి మాటను మీలో కొందరు ‘గోదావరి’ అని చదివి ముందుకు సాగిపోయి ఉంటారు. మరొకసారి చూడండి, అక్షరాలు తారుమారయ్యాయి. చదవడం కంటితో మొదలై మెదడులో పూర్తయ్యే పని. ఈ సంగతి తెలిసి ఉండడం ఒక్కొక్కప్పుడు ప్రాణావసరం.

మాటను మనం ఎలా గుర్తుపడతామన్న ప్రశ్న మనస్తత్వ శాస్త్రవేత్తలకు కొత్తది కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పరిశోధన చేసిన జేమ్స్ కాటెల్, చిన్న మాటను గుర్తించడానికి పట్టే కాలం ఒక్క అక్షరానికి పట్టే కాలం కంటే ఎక్కువేమీ కాదని 1886లో చూపాడు. అంటే అలవాటైన పాఠకుడు అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కోడు. తరువాతి కాలంలో మరొక పద్ధతి వచ్చింది. తెరపై ‘కొబ్బరి’ వంటి మాటో, ‘రొబ్బకి’ వంటి అర్థం లేని కూర్పో కనిపిస్తుంది. అది మాట అవునో కాదో మీట నొక్కి చెప్పాలి. పట్టిన వ్యవధిని సెకనులో వెయ్యో వంతు వరకూ లెక్కిస్తారు. తరచూ చదివే మాటలను త్వరగా గుర్తిస్తాం. ‘డాక్టరు’ అన్న మాట చూసిన వెంటనే ‘నర్సు’ కనిపిస్తే మరింత త్వరగా గుర్తిస్తామని మేయర్, ష్వానెవెల్ట్ 1971లో నిరూపించారు.

ఇదంతా ప్రయోగశాల ముచ్చటగా తోచవచ్చు. కోనసీమ నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని సంగతి వినండి. ఒకనాటి ఉదయం ఆయనకు దినపత్రిక అంతుపట్టలేదు. అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి, మాటలు మాత్రం లేవు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కనుక కళ్లజోడు మార్చాలనుకున్నారు. అలా మూడు రోజులు గడిచాయి. నేను కాగితమిస్తే తన పేరు, ఊరు చక్కగా రాశారు. చదవమంటే తెల్లబోయి, “రాసింది నేనే గానీ, ఏం రాశానో తెలియడం లేదండీ” అన్నారు. ఆయన వేలు పట్టుకొని అదే అక్షరంపై దిద్దించగానే ‘క’ అని చెప్పారు. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో దిద్దిన చేతికి గుర్తున్నది, కంటికి గుర్తు లేదు. కుడివైపు సగం చూపు కూడా పోయింది. స్కానింగులో మెదడు ఎడమభాగాన, వెనుకవైపు రక్తప్రసరణ ఆగినట్లు తేలింది. నెలల సాధనతో ఆయన ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదవగలిగారు. మునుపటి చదువు తిరిగి రాలేదు.

పారిస్‌లో 1887లో ఒక వర్తకునికి అచ్చంగా ఇదే జరిగింది. ఆయనా ముందు కంటి వైద్యుని వద్దకే వెళ్లాడు. 1892లో ఆయన మరణానంతరం డెజెరిన్ అనే వైద్యుడు మెదడును పరీక్షించి, ఎడమవైపు వెనుకభాగంలో దెబ్బను గుర్తించాడు. కంటి నుంచి వచ్చిన అక్షరరూపాన్ని మాటగా పోల్చుకునే స్థలం మెదడు ఎడమభాగపు అడుగున ఉన్నదని నేటి స్కానింగులు చూపుతున్నాయి. దానికి దారి తెగితే, మాట్లాడే శక్తి, రాసే శక్తి మిగిలినా చదివే శక్తి పోతుంది.

పక్షవాతమంటే మూతి వంకరపోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం మాత్రమేనని మనలో చాలామంది నమ్మకం. చూపు మసకబారడం నెలల తరబడి మెల్లగా వస్తే కంటి వైద్యుని చూడండి. నిన్నటి వరకూ చదివినవారు ఉన్నట్టుండి చదవలేకపోయినా, ఒకవైపు సగం చూపు పోయినా, మాట తడబడినా పక్షవాతమేమోనని అనుమానించండి. చివరిసారి బాగున్న సమయం గుర్తుపెట్టుకోండి. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. సొంతంగా ఏ మాత్రా మింగించకండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ అర్హులైన వారికి సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఇంట్లో పెద్దవారు పత్రిక పక్కన పెట్టి “ఇవాళ ఎందుకో అక్షరాలు అర్థం కావడం లేదు” అంటే, కళ్లజోడు తుడిచి ఇవ్వకండి. గడియారం చూడండి.