సుతి పట్టినాయన

మిరుగం చినుకులు పడ్డాయంటే మా ధర్పల్లి పిల్లలకు బూరల కాలం మొదలైనట్టే. తిని పారేసిన మామిడి టెంకలు పెంటకుప్పల మీద మొలకెత్తేవి. ఒకటి పీకి, పైపెంకు ఊడదీసి, లోపలి పప్పును అరుగు బండ మీద ఒకవైపు రుద్దేవాళ్లం. సన్నటి సందు పడగానే నోట్లో పెట్టుకుని ఊదితే పలికేది. బొప్పాయి కాడను కొస దగ్గర చీల్చి ఊదితే బర్రెదూడ అరిచినట్టు ఉండేది. ఇంకో రోజుకు రెండూ వాడిపోయేవి, మళ్లీ కొత్తవి చేసుకునేవాళ్లం.

ఇండ్ల ముందర ఇంకో రకం మోత. మా జిల్లాలో బీడీలు చేయని వాడ అరుదు. చాటలు ఒళ్లో పెట్టుకుని అమ్మలక్కలు అరుగుల మీద వరుసగా కూర్చునేవారు. తడిపిన తునికాకు మీద రేకు ముక్క ఆనించి కత్తెర ఆడిస్తే కచకచ, కచకచ. కాసేపటికి అందరి కత్తెర్లూ ఒకే నడకలో పడేవి. రేడియోలో సినిమా పాట మొదలైతే ఆ నడక దానంతటదే మారేది. పాటకు తాళం వేస్తున్నామని వాళ్లలో ఎవరూ అనుకోలేదు. నేను మాత్రం ఆ పాటలను ఇప్పటికీ కత్తెర చప్పుడుతో కలిపే గుర్తుపెట్టుకున్నాను.

ఎల్లమ్మ పండుగకు బైండ్లవాళ్లు జమిడిక తెచ్చేవారు. ఒకవైపు తోలు మూసిన చిన్న డోలు లాంటిది, నడుమ నుంచి ఒక తీగ. డోలును చంకన ఇరికించి, తీగను ఒక చేత్తో లాగిపట్టి ఇంకో చేత్తో మీటితే జుమ్మని మూలుగుతుంది. లాగినకొద్దీ స్వరం పైకి పోతుంది. అది డప్పో తంబూరో తేల్చుకోలేక దాని దగ్గరే కూర్చునేవాణ్ణి. చుట్టపు చూపుగా బోధన్ దిక్కు పోతే చెరుకు బండ్ల మువ్వలు, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కూత. నిజాం షుగర్స్ వాళ్ల ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చిందు భాగవతంలో ఆడపాత్రలూ మగపాత్రలూ రెండూ ఆడిన చిందుల ఎల్లమ్మది ఆ బోధన్ ప్రాంతమే. జాతరల్లో ఆమె ఎల్లమ్మ వేషం కడితే జనం దేవతకే మొక్కినట్టు మొక్కేవారని పెద్దలు చెప్పేవారు.

ఇన్నిట్లోనూ నా మనసులో గట్టిగా నిలిచింది పెండ్లి సన్నాయి. మేళం దిగగానే పిల్లలంతా డోలు చుట్టూ చేరేవారు. నా కన్ను వెనక కూర్చున్న ముసలాయన మీద ఉండేది. ఆయనది సుతి. దాని మీద వేళ్లు ఆడవు, రంధ్రాలు మైనంతో మూసి ఉంటాయి. ఎదుర్కోలు నుంచి అప్పగింతల దాకా ఒక్కటే స్వరం. బుగ్గల్లో నిలిపిన గాలి బయటికి పోతుండగానే ముక్కుతో మళ్లీ పీల్చుకునేవాడు. గుక్క తెగేది కాదు. పాట వాయించే ఆయనకు చదివింపులు, డోలు ఆయనకు శెభాష్‌లు. సుతి పట్టినాయన్ని ఎవరూ పలకరించేవారు కాదు. ఆయన ఆపితే మాత్రం మాట్లాడుకుంటున్న వాళ్లంతా తల తిప్పి చూసేవారు.

ఎన్నో ఏండ్లకు హైదరాబాదులో మా అమ్మాయి ఒక ఫ్రెంచి ఆల్బమ్ వినిపించింది. గాయని కమీయ్, పారిస్‌లో పుట్టిన మనిషి. ఆల్బమ్ పేరు ‘లె ఫిల్’, 2005లో వచ్చింది. మజికర్ అనే సంగీతకారుడితో కలిసి చేసింది. వాద్యాలు కొద్ది. నోటితోనే డప్పు మోత, చప్పట్లు, ఊపిరి, తన గొంతు మీదే మళ్లీ తన గొంతు. వీటన్నిటి కిందా మొదటి పాట నుంచి చివరిదాకా ఒకే స్వరం పలుకుతూ ఉంటుంది. పాటకూ పాటకూ మధ్య కూడా ఆగదు. చివరి పాట అయిపోయాక అదొక్కటే చాలాసేపు మిగులుతుంది. భాష నాకు ఒక్క ముక్క రాదు. ఆ కింది స్వరం చెవిన పడగానే మా అమ్మాయిని ఆపమనకుండా ఆఖరుదాకా విన్నాను.

ఆ ఆల్బమ్‌ను సాహసమని మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కమీయ్ ఆ ఒక్క స్వరాన్ని తెచ్చి ముందు కూర్చోబెట్టింది. మనం దాన్ని పందిట్లో వెనక కూర్చోబెట్టినాం. అదే 2005లో చిందుల ఎల్లమ్మ కన్నుమూసింది. ఆమె గొంతుతో పెరిగిన ఊళ్లలో ఆ గొంతును దాచిపెట్టుకున్న ఇండ్లు ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే కడుపులో దేవినట్టవుతుంది.

ధర్పల్లి, సిరికొండ, ఇందల్వాయి దిక్కు మీ ఇంట్లో పెండ్లి ఉంటే డీజేతో పాటు సన్నాయి మేళాన్ని కూడా పిలవండి. ఫోన్‌లో వీడియో తీసేటప్పుడు కాసేపు సుతి పట్టినాయన పక్కన నిలబడండి. ఆయన పేరు, ఊరు అడిగి రాసిపెట్టండి. పెండ్లి ఫొటోల్లో ఆయన ఫొటో కూడా ఉండనివ్వండి.