నంబరేసిన రాళ్లు

పాలమూరు పిల్లలకు పిల్లలమర్రి అంటే బడి పిక్నిక్. పులిహోర పొట్లాలు, ఊడలు పట్టుకుని ఊగడం, వెనక నుంచి పంతులమ్మ కేకలు! మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న చెట్టది. ఏడొందల ఏళ్లదంటారు. అసలు మాను ఏదో, ఊడ ఏదో చెప్పలేం. ఆ ఆవరణలోనే చిన్న పురావస్తు మ్యూజియం కూడా ఉంది. మేమెప్పుడూ అందులోకి తొంగి చూసిన పాపాన పోలేదు. రాళ్లే కదా అని.

2018 ఎండాకాలంలో అమ్మకు ఒంట్లో బాగాలేక మహబూబ్‌నగర్ తీసుకొచ్చాను. రెండు రోజులు సెలైన్ ఎక్కించి పంపించారు. ఊరికి పోయే ముందు, ‘ఒకపారి మర్రిచెట్టు చూసి పోదాం బిడ్డా’ అంది.

తీరా వెళ్తే చెట్టు దగ్గరికి పోనివ్వలేదు. అంతకుముందు డిసెంబరులో, అంటే 2017లో, పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చూస్తే లోపలంతా చెదలు. మొదట బెజ్జాలు పెట్టి మందు ఎక్కిస్తే బయటికి కారిపోయిందట. అందుకని వందల కొద్దీ సీసాలు కొమ్మలకు వేలాడదీసి, చుక్క చుక్కగా మందు పట్టిస్తున్నారు. బరువైన కొమ్మల కింద సిమెంటు స్తంభాలు నిలబెట్టారు. లేత ఊడలు నేలను అందుకునేలా పైపుల్లో మట్టి నింపి దారి చూపించారు. మానుల మీద పేర్లు చెక్కింది, ఊడల మీద ఊగింది మా బోటివాళ్లమే. దూరం నుంచి చూస్తూ సిగ్గనిపించింది.

అమ్మ తన చేతి మీది పట్టీని తడుముకుంటూ నవ్వింది. ‘దీనికి గూడ నా లెక్కనే ఎక్కిస్తుండ్రు!’

ఎండ ముదురుతోందని మ్యూజియంలోకి వెళ్లాం. అక్కడి శిల్పాల్లో చాలా వరకు శ్రీశైలం ముంపు పల్లెల నుంచి తెచ్చినవి. ఆ సంగతి చెప్పేసరికి అమ్మ ఆగిపోయింది.

మా అమ్మ పుట్టిల్లు కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో ప్రాజెక్టు కోసం ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు వందకు పైగా పల్లెలు మునిగాయి. గుళ్లను మాత్రం పద్ధతిగా విప్పారు. ఒక్కో రాయికీ అంకె రాసి, పటం గీసుకుని, బండ్ల మీద తెచ్చి వేరేచోట మళ్లీ పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఆలంపురానికి అలాగే చేరింది. అంతకుముందు నాగార్జునకొండలోనూ నీళ్లు రాకముందే తవ్వి, కట్టడాలను కొండ మీదికి ఎక్కించారు. ఇదంతా గొప్పగా చెబుతుంటే అమ్మ మెల్లగా అంది.

‘మా ఇండ్లకు గూడ నంబర్లేసిన్రు బిడ్డా. కూలగొట్టనీకి.’

నాకు నోట మాట రాలేదు.

అమ్మ ఒక అమ్మవారి విగ్రహం ముందు నిలబడి కొంగు ముడి విప్పింది. అందులో కుంకుమ పొట్లం. చెయ్యి చాపుతుంటే, కుచ్చుతో దుమ్ము దులుపుతున్న మనిషి పరుగెత్తుకొచ్చాడు. ‘వద్దు పెద్దమ్మా, రాయికి రంగు పట్టుకుంటది. నూనె గూడ పెట్టనియ్యం. దుమ్ము అతుక్కుంటది’ అన్నాడు.

‘దేవతను బొట్టు లేకుండ ఎట్ల నిలబెట్టిన్రు నాయినా?’

అతను నవ్వలేదు, కసరలేదు. ‘రోజూ నేనే తుడుస్తా పెద్దమ్మా. వాన జల్లు తగలకుండ చూస్తా. పొద్దున తలుపు తీయంగనే ముందు ఈమెనే చూస్తా’ అన్నాడు. అమ్మ ఒక నిమిషం అతని కుచ్చు వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది. కుంకుమ తిరిగి కొంగున కట్టుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ వేళ నేను ఎవరి పక్షమో నాకే తెలియలేదు. చరిత్ర దక్కాలంటే అతను చెప్పిందే సరి. మరి మా అమ్మ మొక్కు?

అదే ఆవరణలో రాజరాజేశ్వరి గుడి ఉంది. అదీ ముంపు నుంచి రాళ్లుగా వచ్చి ఇక్కడ మళ్లీ నిలబడ్డదే. అమ్మ మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. గడపకు రెండు చేతులా కుంకుమ అద్ది, చాలాసేపు లేవలేదు. కాళ్లు పట్టేశాయేమోనని నేను లేపబోతే చెయ్యి విదిలించింది.

2025 మే 16న ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు పిల్లలమర్రికి వెళ్లారు. ఆ రాత్రి టీవీలో చెట్టును చూపించారు. ఆకులు నిండుగా ఉన్నాయి. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి జరిగింది.

‘చెట్టు తేరుకుంది బిడ్డా. ఆ రాళ్లు తుడిచే పిల్లగాడు ఇంక ఆడనే ఉన్నడా?’