గుమ్మం మీద చావుకబురు

ఇంగ్లండులోని కొన్ని పాత చర్చిల గోడల మీద ఎత్తున, ఒక మూల కిందికి వచ్చేలా వేలాడదీసిన పెద్ద చదరపు బొమ్మలుంటాయి. నాలుగైదు అడుగుల చెక్క పలకో కాన్వాసో, చుట్టూ నల్లటి చట్రం, మధ్యలో వంశచిహ్నం. దీన్ని హ్యాచ్‌మెంట్ అంటారు. డాలు, శిరస్త్రాణం, కిందనుండే సూక్తి, అన్నీ కలిసిన పూర్తి వంశచిహ్నాన్ని అచీవ్‌మెంట్ అనేవారు. ఆ మాటే జనం నోట అరిగి ఇలా అయింది. చివరికి చనిపోయినవారి కోసం రాయించే బొమ్మకే ఆ పేరు నిలిచింది.

దీపావళికి ఏటా ఇక్కడ ఇంగ్లండులో మా గుమ్మంలో ప్రమిదలు పెడతాం. నిరుడు పెట్టలేదు. నాన్న పోయి ఏడాది తిరగలేదు, మాకు పండగ లేదు. మర్నాడు పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, ఈసారి దీపాలు లేవేమని అడిగింది. చెప్పాను. కాసేపు కూర్చుని, ఇంట్లో మనిషి పోతే వీధికి తెలిసేలా చేయడం మాకూ ఉండేది, చూద్దువుగాని రమ్మని ఆ ఆదివారం చర్చికి తీసుకెళ్లింది.

ఆ చర్చిలోని హ్యాచ్‌మెంట్ కాన్వాసు వదులై అడుగున ఉబ్బింది, రంగు పగుళ్లిచ్చింది. అయినా చదవడానికి వీలుగానే ఉంది. డాలు నిలువునా రెండు సగాలు. మనకు ఎడమవైపు భర్త వంశం, కుడివైపు భార్య వంశం. ఎడమసగం వెనక నలుపు, కుడిసగం వెనక తెలుపు. అంటే భర్త పోయాడు, భార్య ఉంది. భార్యే ముందు పోతే రంగులు తారుమారవుతాయి. ఇద్దరూ పోతే వెనకంతా నలుపే. వితంతువు పోతే డాలు బదులు డైమండు ఆకారం వేస్తారు, పైన శిరస్త్రాణం ఉండదు. అడుగున రిబ్బను మీద చాలాచోట్ల వంశసూక్తికి బదులు ‘రిసర్గామ్’ అని లాటిన్‌లో ఉంటుంది, మళ్లీ లేస్తానని అర్థం. నన్ను నిలబెట్టేసింది మాత్రం ఆ తెల్లసగం. పోయినవారి గురించే కాదు, ఇంట్లో మిగిలినవారి గురించీ చెబుతోంది. మా అమ్మ గుర్తొచ్చింది.

మనిషి పోగానే దీన్ని ఇంటి ముందు గుమ్మం పైన తగిలించేవారు. ఆరునెలలో ఏడాదో అక్కడే ఉంచి, తర్వాత చర్చికి చేర్చేవారు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చి దేశాల నుంచి వచ్చిన ఆచారమిది. 18వ శతాబ్దంలోనూ, 19వ శతాబ్దం తొలిసగంలోనూ బాగా సాగి, ఆ తర్వాత పలచబడింది. పీటర్ సమ్మర్స్ అనే పరిశోధకుడి పూనికతో, మిగిలినవాటి వివరాలు 1974 నుంచి పది సంపుటాలుగా అచ్చయ్యాయి. డచ్చివారి ఈ వంశచిహ్నాల మోజుకు మన బందరులోనూ ఆనవాళ్లున్నాయి. అక్కడి డచ్చి సమాధుల మీద వంశచిహ్నాలు చెక్కి ఉంటాయి.

వంశచిహ్నం లేని కూలివాడి గుమ్మానికి హ్యాచ్‌మెంట్ ఎక్కడిది? అది కలిగినవారి సంగతే. మన ఊళ్లో మైల తీరేదాకా వాకిట్లో ముగ్గు పడదు. ముగ్గులేని వాకిలి చూసి కూరలమ్మే మనిషి కూడా గొంతు తగ్గించి వెళ్తుంది. దానికి ఆస్తి అక్కర్లేదు. ఇక్కడ మా వీధిలో ముగ్గు వేసినా వేయకపోయినా ఎవరికీ ఏమీ తెలియదు. పదమూడో రోజు అయ్యాక తిరిగొచ్చి ఆఫీసులో కూర్చుంటే, సెలవు బాగా గడిచిందా అని అడిగారు.

షేక్‌స్పియర్ ‘హ్యామ్లెట్’లో తండ్రిని గుట్టుచప్పుడు కాకుండా పూడ్చారని లేయర్టీస్ రాజు ముందే మండిపడతాడు. సమాధి మీద కత్తి లేదు, హ్యాచ్‌మెంట్ లేదు, జరగాల్సిన తంతు జరగలేదన్నది అతని బాధ. నాటకంలో అతన్ని తొందరపాటు మనిషిగానే చూస్తాం. తండ్రి చావు నలుగురికీ తెలియాలన్న ఆ పట్టుదల మాత్రం నాకు నూరుపాళ్లూ న్యాయంగా తోస్తుంది. డిసెంబరులో ఆఫీసు విందుకు పిలుపు వచ్చినప్పుడు, ఏదో పనుందని సర్దిచెప్పకుండా, మా నాన్న పోయిన ఏడాది ఇది, విందులకు వెళ్లనని అందరికీ రాశాను.