ముల్లుతో పొడిచిన అందం

వోగ్ పత్రిక అట్ట మీద బొమ్మ అంటే మీకెవరు గుర్తొస్తారు? ఏ సినిమాతారో, ఇరవై దాటని మోడలో కదూ. 2023 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ వోగ్ అట్ట మీదికెక్కిన మనిషికి 106 ఏళ్ళు. ముఖమంతా ముడతలు, మెడలో పూసలు, చేతులనిండా పచ్చబొట్లు. పేరు వాంగ్-ఓడ్. అంత వయసులో వోగ్ అట్టకెక్కినవాళ్ళు అంతకుముందు లేరు.

ఆవిడది లూజాన్ దీవికి ఉత్తరాన, కళింగ అనే కొండప్రాంతంలో బుస్కలాన్ అనే పల్లె. (మన కళింగానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదులెండి.) 15, 16 ఏళ్ళప్పుడు తండ్రి దగ్గర పని నేర్చుకుంది. సరంజామా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పంపరపనస ముల్లు ఒకటి, దాన్ని బిగించిన వెదురుపుల్ల, కొట్టడానికి ఇంకో కర్ర, నీళ్ళలో కలిపిన మసి. అంతే! ముందు గడ్డిపరకను మసిలో ముంచి ఒంటి మీద గీత అద్దుతుంది. తరవాత ముల్లు ఆనించి టకటకా కొట్టడమే. రక్తం చిమ్మితే తుడవడం, మళ్ళీ కొట్టడం. పైతోలు రాలిపోయినా లోపలి పొరలో కణాలు మసిని పట్టుకుని ఉంటాయి కాబట్టి, ఇక ఆ బొమ్మ మనిషి ఉన్నంతకాలం ఉంటుంది.

పూర్వం మగవాళ్ళకు శత్రువును చంపి వస్తేనే గుండె మీద బొమ్మ. ఆడవాళ్ళకు అలాంటి షరతు లేదు, అందం కోసమే. జెర్రి, పాము పొలుసులు, కొండల్లో మొలిచే ఫెర్న్ ఆకులు, వడ్లు: చుట్టూ కనిపించేవన్నీ చేతుల మీదికి వచ్చేవి. బోసిచేతుల పిల్లకు అందమేమిటనేవాళ్ళు. అమెరికన్ల ఏలుబడిలో బళ్ళు వచ్చాయి. చదువుకునే ఆడపిల్లలు ఆ చేతుల్నే పొడుగుచేతుల చొక్కాల్లో దాచుకోవాల్సి వచ్చింది. నిన్న మురిసిపోయి చూపించుకున్నదానికే ఇవాళ తలవంచుకోవడం! నాకు బాధనిపించేది ఇక్కడే. చెయ్యి అదే, బొమ్మా అదే. మారింది చూసేవాళ్ళ కన్ను. ఆ కన్ను పైవాళ్ళదైతే మన ఒంటిని మనమే తక్కువగా చూసుకుంటాం.

మన దగ్గరా జరిగిందిదే. మా అమ్మమ్మ ముంజేతి మీద తేలు, గడ్డం మీద చుక్క ఉండేవి. ఊరూరా తిరిగే ఎరుకలామె గుమ్మంలో కూర్చుని సూదులతో పొడిచిందట. చచ్చాక నగలు రావు, వెంట వచ్చేది పచ్చబొట్టేనని ఆవిడ నమ్మకం. మా అమ్మ తరానికి అది మోటయిపోయింది. ఇప్పుడు మనవలు హైదరాబాదులో వేలు పోసి టాటూలు వేయించుకుంటున్నారు. వేయించుకోనివ్వండి, నాకు సంతోషమే. కానీ కేటలాగులో డ్రాగన్‌ను ఎంచుకునే ముందు అమ్మమ్మ తేలును ఒక్కసారి తలుచుకుంటే బాగుండు.

వాంగ్-ఓడ్‌కు పిల్లల్లేరు. రక్తసంబంధం లేనివాళ్ళు ఈ పని నేర్చి పొడిస్తే పుండు పడుతుందని వాళ్ళ నమ్మకం. అందుకని తోడబుట్టినవాళ్ళ మనవరాళ్ళు గ్రేస్‌కూ ఎల్యాంగ్‌కూ నేర్పింది. వాళ్ళను చూసి ఊళ్ళో మరికొందరు పిల్లలు ముల్లు పట్టారు. ప్రపంచం నలుమూలల నుంచీ కొండెక్కి వచ్చేవాళ్ళకు బొమ్మలు ఇప్పుడు వీళ్ళే పొడుస్తున్నారు. పెద్దావిడ మాత్రం తన గుర్తుగా మూడు చుక్కలు పెట్టి పంపుతుంది.

మన ఎరుకలవ్వల దగ్గర ఆ సూది ఎవరందుకున్నారు? మీ ఇంట్లో పచ్చబొట్టున్న ముసలమ్మ ఉంటే, ఈ పండక్కి వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని ఆ బొమ్మలు కాగితం మీద దించుకోండి. ఎవరు పొడిచారో, ఏమిచ్చారో, ఎంత ఏడ్చిందో కూడా అడగండి. చెప్పడానికి ఆవిడ ఎప్పుడో సిద్ధంగా ఉంది, అడిగినవాళ్ళే లేరు.