పక్క గది భయం

నా పరిశోధనంతా ఫోనులోనే ఉంది. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే స్త్రీలు చెప్పిన జీవిత కథలు, గంటల కొద్దీ గొంతులు. ఒకామె తాను తిన్న దెబ్బల గురించి చాలాసేపు మాట్లాడి, లేవబోతూ అడిగింది: "మేడమ్, గిది మా ఆయన చెవుల వడదు గద?" 2024లో పాత ఫోను మార్చాల్సి వచ్చినప్పుడు కెమెరా, రంగు కంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల ఫోను కోసమే వెతికాను.

ఫోను భద్రత అనగానే మనం రాజ్యం గురించి, కంపెనీల గురించి మాట్లాడుకుంటాం. 2021లో పెగాసస్ కథనాలు వచ్చాక ఆ భయం ఊహ అని ఎవరూ అనలేరు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది కూడా. అయితే ఆమె భయం పక్క గదిలో ఉంది. ఆ గదిలోకి ఏ తీర్పు వెళ్తుంది? మన ఇళ్ళలో ఆడదాని ఫోను ఉమ్మడి ఆస్తి. లాక్ పెడితే "దాచుకునేదేముంది?" అంటారు (మగవాడి ఫోనుకు లాక్ ఉంటే మాత్రం అది ఆఫీసు పని). నిద్రపోతున్న మనిషి వేలు ఆనించినా ఫోను తెరుచుకుంటుందన్న సంగతి ప్రకటనల్లో ఉండదు. అందుకే వేలిముద్ర వద్దనుకున్నాను, పొడుగాటి పిన్ పెట్టుకున్నాను.

చివరికి పిక్సెల్ 8ఎ కొన్నాను. దానికి ఏడేళ్ళపాటు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ మాట ఇచ్చింది. ఇంకో కారణం, అందులో 'గెస్ట్' అనే వేరే ఖాతా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు "ఒకసారి ఫోనివ్వు" అన్నప్పుడు అది తెరిచి ఇస్తే నా ఫొటోలు, మెసేజ్‌లు, రికార్డింగులు కనబడవు. గొడవ లేకుండా గడప దగ్గరే ఆపేయడమన్నమాట. ఆపిల్ కూడా 2022లో ఐఫోనులో 'సేఫ్టీ చెక్' పెట్టింది. హింసించే భాగస్వామికి అంతకుముందు ఇచ్చిన అనుమతులను గబగబా తీసేయడానికి అది పనికొస్తుంది. తీసేసిన సంగతి అతను పసిగడితే ఆ రాత్రి ఏం జరుగుతుందన్నది ఫోను చూసుకోలేదు.

నా ఫోను మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర 52,999 రూపాయలు. నాకు గొంతునిచ్చిన స్త్రీలలో ఎవరూ అది కొనలేరు. వాళ్ళ రహస్యాలకు నా జీతమే తాళం.

రికార్డింగుల బ్యాకప్ ఆపేశాను. ఫైళ్ళకు పేర్ల బదులు అంకెలు పెట్టాను. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం కాలేజీ బీరువాలో ఉంది.